మిగులదగినది, మిగులరానిది: లవణముల తయారీ

కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో చారు కాచరాదని మన ఇండ్లలో పెద్దలు హెచ్చరించుట అందరును ఎరిగినదే. తెలియక కాచి, రాత్రియంతయు అందే ఉంచినచో తెల్లవారునప్పటికి గిన్నె అంచున పచ్చని పూత కనబడును. దానిని మనవారు కిలుమందురు. ఆ చారును పారబోయుదురేగాని నోట పెట్టరు. అదే చింతపండును నల్లబడిన ఇత్తడి బిందెకు పులిమి తోమినచో బిందె తళతళలాడును. ఒకచోట చింతపండు కీడు చేసినది, మరియొకచోట మేలు చేసినది. కాని రెండుచోట్లను జరిగిన పని ఒక్కటే. గాలి సోకి లోహముపై ఏర్పడిన రాగి ఆక్సైడు పొరతో చింతపండులోని ఆమ్లము కలిసి, రాగి లవణమును పుట్టించినది. బిందె తోమినప్పుడు ఆ లవణము కడుగునీటితో కొట్టుకొనిపోయినది. గిన్నెలో నది చారునందే మిగిలిపోయినది. కీడును మేలును నిర్ణయించినది ఆ మిగులుటయే.

లవణముల తయారీని గూర్చి మేము ఈ ప్రసంగమున చెప్పదలచినదంతయు ఈ ఒక్క మాటచుట్టును తిరుగును. ఆమ్లమును లోహసమ్మేళనమును కలుపుట సులభము. పని ముగిసిన పిమ్మట ఏది మిగులవచ్చును, ఏది మిగులరాదు, మిగిలినదానిని ఎట్లు తొలగింపవలయును అనుటయే ఇందలి విద్య.

మొదట లవణమనగా నేమో చూతము. వాడుకలో ఉప్పన్నను లవణమన్నను ఒక్కటే. రసాయనశాస్త్రమున మాత్రము ఉప్పు అనేక లవణములలో ఒకటి. ప్రతి ఆమ్లమునందును ఉదజని కలదు. ఆ ఉదజని స్థానమును లోహ మాక్రమించినప్పుడు ఏర్పడు పదార్థమే లవణము. గంధకికామ్లములోని ఉదజని స్థానమున రాగి చేరినచో మైలుతుత్తము, ఇనుము చేరినచో అన్నభేది, మెగ్నీషియము చేరినచో విరేచనమునకు వాడు ఎప్సం ఉప్పు ఏర్పడును. ఆమ్లము ఒక్కటే, చేరిన లోహమునుబట్టి ఒకటి తోటకు మందైనది, ఒకటి రక్తహీనతకు మందైనది, ఒకటి కడుపునకు మందైనది.

అట్లయినచో లోహమునే ఆమ్లములో వేయరాదా యని శ్రోతలు అడుగవచ్చును. కొన్నిటి విషయమున వేయవచ్చును. ఇనుప రజనును పలుచని గంధకికామ్లములో వేసినచో ఉదజని బుడగలుగా లేచిపోయి అన్నభేది ద్రావణము మిగులును. తుత్తునాగమును, మెగ్నీషియమును ఇట్లే కరగును. సోడియము వంటి లోహములను ఆమ్లములో వేయుట ప్రాణాపాయము. అవి నీటితోనే మండిపడును. రాగి ఇందుకు సరిగా వ్యతిరేకము. ఉదజనిని తరిమివేయగల శక్తి దానికి లేదు. రాగి రేకును గాలి సోకకుండ పలుచని గంధకికామ్లములో ఎన్నినాళ్లుంచినను అది అట్లే పడియుండును. అందుచేతనే తిన్నగా లోహమును గాక, దాని ఆక్సైడునో, హైడ్రాక్సైడునో, కార్బనేటునో తీసికొందురు. ఇవి ఆమ్లముతో తేలికగా కలియును. ఆక్సైడును హైడ్రాక్సైడును వాడినచో లవణముతోపాటు నీరు మాత్రమే పుట్టును. కార్బనేటును వాడినచో నీటితోపాటు బొగ్గుపులుసు వాయువు కూడ నురగలెత్తుచు వెలువడును. కడపబండ పరచిన వంటింటిలో నిమ్మరసము ఒలికినప్పుడు బండ నునుపు పోయి మచ్చ పడుట చూచియే యుందురు. ఆ బండ సున్నపురాయి, అనగా కాల్షియము కార్బనేటు. నిమ్మరసములోని ఆమ్లము దానిని కొంత కరగించి లవణముగా మార్చినది.

ఇక అసలు చిక్కునకు వత్తము. ఆమ్లమును ఆక్సైడును లెక్కకు సరిగా కలుపుట త్రాసు పట్టిన వానికైనను కష్టమే. ఎంత జాగ్రత్త వహించినను ఏదో యొకటి రవంత హెచ్చగును. ఆ హెచ్చు ఏ పక్షమున ఉండవలయునో ముందే నిర్ణయించుకొనుట తయారుచేయువాని మొదటి పని. మైలుతుత్తమును ఉదాహరణముగా గైకొందము.

బీకరులో పలుచని గంధకికామ్లమును పోసి గోరువెచ్చగా కాచుదురు. అందులో నల్లని రాగి ఆక్సైడు పొడిని కొంచెము కొంచెముగా చల్లుచు గాజుకడ్డీతో కలియబెట్టుదురు. నల్లని పొడి మాయమై ద్రావణము నీలిరంగు దాల్చును. ఇంకను వేసినచో ఇంకను కరగును. కొంతసేపటికి వేసిన పొడి కరగక అడుగున నిలుచును. ఆమ్లమంతయు వినియోగమైనదనుటకు అదియే గుర్తు. 9.8 గ్రాముల ఆమ్లమునకు 8 గ్రాముల ఆక్సైడు చాలును. అయినను 8 గ్రాములకు మించి కొంత ఎక్కువగానే వేయుదురు. ఇది దుబారా కాదు. రాగి ఆక్సైడు నీటిలో కరగదు. మిగిలిన పొడిని వడపోత కాగితముతో వడగట్టినచో అది కాగితముపైననే నిలిచిపోవును. క్రిందికి దిగినది స్వచ్ఛమైన నీలి ద్రావణము.

ఇందుకు మారుగా ఆమ్లమునే హెచ్చుగా పోసితిమనుకొందము. ఆమ్లము ద్రావణములో కలిసియుండును; ఏ కాగితమును దానిని పట్టజాలదు. కాచి పోగొట్టుద మన్నను వీలులేదు. ద్రావణమును మరిగించినకొలది నీరు ఆవిరియగునేగాని గంధకికామ్లము ఆవిరికాదు. అది అంతకంతకు చిక్కనై, తుదకు స్ఫటికములను అంటిపెట్టుకొని కూర్చుండును. అట్టి తుత్తమును కాగితములో పొట్లము కట్టినచో నాలుగు దినములలో కాగితము చిల్లులుపడును. కాబట్టి కరగని దానిని మిగుల్చుట, కరిగెడు దానిని పూర్తిగా ఖర్చుపెట్టుట అనునది ఈ పద్ధతికి మూలసూత్రము. కార్బనేటును వాడునప్పుడు మరియొక గుర్తుకూడ కలదు. పొంగు ఆగినచో ఆమ్లము తీరినదన్నమాట.

వడగట్టిన ద్రావణమును పింగాణి గిన్నెలో పోసి సన్నని సెగపై కాచుదురు. కాని నీరంతయు ఇగురువరకు కాచరాదు. గాజుకడ్డీని ముంచి పైకెత్తి చల్లార్చినప్పుడు దాని కొసన చిన్న స్ఫటికములు కనబడినచో దించి, కదపకుండ ఒకచోట నుంచవలయును. మరునాటికి నీలమణులవంటి స్ఫటికములు గిన్నె అడుగున పేరుకొనును. పైన చెప్పిన కొలతలకు సుమారు 25 గ్రాముల స్ఫటికములు రావలయును. ఎనిమిది గ్రాముల ఆక్సైడు, పది గ్రాములకు లోపు ఆమ్లము కలిసి పదునెనిమిది గ్రాములు కాదా, ఇరువదియైదు ఎట్లయినదని పిల్లలు అడుగుదురు. అడుగవలసిన ప్రశ్నయే. ఆ హెచ్చు నీటి బరువు. మైలుతుత్తపు స్ఫటికములో నూటికి 36 పాళ్లు నీరే కలదు. చేతికి తడి తగులదు. ఆ నీరు స్ఫటికపు కట్టుబడిలో ఇమిడియుండును. ఆత్రముకొలది నీరంతయు ఇగిర్చి గట్టిగా కాల్చినచో స్ఫటికము విరిగి తెల్లని పొడి యగును. దానిపై ఒక్క నీటిబొట్టు పడినచో మరల నీలిరంగు తిరుగును.

ఈ తుత్తము రైతు చేతికి వచ్చిన పిమ్మటకూడ మిగులును గూర్చిన ప్రశ్న అతనిని వదలదు. ఫ్రాన్సు దేశమున బోర్డో నగరప్రాంతపు ద్రాక్షతోటలలో మిలార్డే అను వృక్షశాస్త్రజ్ఞుడు 1882లో ఒక వింతను గమనించెను. బాటప్రక్కనున్న తీగలపై, దారిన పోవువారు పండ్లు దొంగిలింపకుండుటకై, తుత్తమును సున్నమును కలిపి చల్లియుండిరి. ఆ తీగలకు బూజుతెగులు సోకలేదు. ఆయన పరీక్షలు జరిపి 1885లో దానిని లోకమునకు వెల్లడించెను. నేడు మన తమలపాకు తోటలలోను, నిమ్మ, బత్తాయి తోటలలోను వాడు బోర్డో మిశ్రమ మిదియే. నూటికొక పాలు మిశ్రమమునకు వంద లీటర్ల నీటికి ఒక కిలో తుత్తము, ఒక కిలో సున్నము కావలయును. రెంటిని వేరువేరుగా నీటిలో కలిపి, పిమ్మట కలుపుదురు. ఇక్కడ మిగులరానిది కరిగియున్న రాగి. సున్నము చాలక అది మిగిలినచో తెగులును చంపుటకు మారుగా ఆకునే మాడ్చును. తుత్తములో వెనుకటి ఆమ్లము మిగిలియున్నచో అదియు సున్నమును కాజేయును. కావుననే అనుభవజ్ఞుడైన రైతు చల్లుటకు ముందు మెరుగుపెట్టిన ఇనుప కత్తిని మిశ్రమములో కొంతసేపు ముంచి చూచును. కత్తిపై ఎర్రని పూత పట్టినచో రాగి మిగిలియున్నదని తెలిసికొని, పూత పట్టుట మానువరకు సున్నపునీరు చేర్చును. ఇనుము రాగిని ద్రావణమునుండి బయటకు లాగును. ఈ కారణముచేతనే ఈ మిశ్రమమును ఇనుప పాత్రలలో కలుపరాదు. మట్టికుండలో, ప్లాస్టికు తొట్టిలో కలుపవలయును.

అన్ని లోహసమ్మేళనములును రాగి ఆక్సైడువలె కరగకుండ నుండవు. కాస్టిక్ సోడా నీటిలో సులభముగా కరగును. దానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లమును చేర్చినచో మన తినెడు ఉప్పే ఏర్పడును. కాని ఏది హెచ్చైనను కంటికి కనబడదు, వడపోతకు చిక్కదు. ఇట్టిచోట రెండును సరిసమానముగా తీరిపోవలయును. అందులకు కొలబద్ద గీతలుగల బ్యూరెట్టు అను గాజుగొట్టమును, రంగుమార్చి చెప్పు సూచికను వాడుదురు. ఫినాఫ్తలీను బొట్టు వేసిన కాస్టిక్ సోడా ద్రావణము గులాబిరంగుగా నుండును. బ్యూరెట్టునుండి ఆమ్లమును బొట్టుబొట్టుగా విడుచుచు, రంగు పోయిన క్షణమున ఆపి, ఎన్ని ఘనసెంటీమీటర్లు పట్టినదో వ్రాసికొందురు. ఆ ద్రావణములో సూచిక మిగిలియున్నది గనుక దానిని విడిచి, సూచిక లేకుండ అవే కొలతలతో మరల కలిపి ఇగుర్తురు. ఒక బొట్టును లెక్కపెట్టు ఓపిక లేనివానికి ఈ పద్ధతి పనికిరాదు.

ఇక మూడవది, కరగని లవణముల తయారీ. అన్నింటికంటె మోసము ఇందే కలదు. పాలరాతి ముక్కను పలుచని గంధకికామ్లములో వేసి చూచినచో మొదట నురుగు లేచును. కొంతసేపటికి ఆమ్లమున్నను, రాయి యున్నను నురుగు ఆగిపోవును. పొంగు ఆగినది గనుక పని ముగిసినదని తలంచినచో మోసపోయినట్లే. ఏర్పడిన జిప్సము నీటిలో బహు స్వల్పముగా మాత్రమే కరగును. అది రాతిచుట్టును పొరవలె క్రమ్ముకొని లోపలి రాతిని ఆమ్లమునకు అందకుండ కాపాడినది. పైకి లవణమే కనబడును. లోన మార్పునొందని ముడిపదార్థము దాగియుండును.

జిప్సము ఏర్పడుట కొన్నిచోట్ల లాభమునకే యగును. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్యుడుగ నుండిన ప్రఫుల్లచంద్ర రాయ్, 1892లో బెంగాల్ కెమికల్ సంస్థకు పునాదివేసిన తొలిదినములలో, ఎముకలను కాల్చిన బూడిదనుండి ఔషధమునకు పనికివచ్చు సోడియము ఫాస్ఫేటును తయారుచేసెను. ఎముకల బూడిద గంధకికామ్లముతో కలిసినప్పుడు ఏర్పడు జిప్సము కరగక అడుగున నిలుచును. ఫాస్ఫేటు నీటిలోనికి దిగును. దానికి సోడా చేర్చి స్ఫటికములు తీయుదురు. కావలసినది కరిగి, అక్కరలేనిది కరగక మిగిలినది గనుక వడపోత చాలినది. ఆ బూడిదను మెత్తగా నూరి, కలియబెట్టుచు ఉండుటవలన పొర అడ్డముకూడ తగ్గును.

కావలసిన లవణమే కరగనిదైనప్పుడు మాత్రము చిక్కు ముదురును. దీనికి ప్రాణములతో ముడిపడిన ఉదాహరణము మన నేలనుండియే దొరకును. రాయలసీమలోని మంగంపేట గనులలో దొరకు ముగ్గురాయి ప్రపంచమందలి పెద్ద నిక్షేపములలో ఒకటి. శాస్త్రజ్ఞులు దానిని బెరైటీసందురు. అది సహజముగా దొరకు బేరియము సల్ఫేటు. చేతబట్టినచో సాధారణమైన రాతికంటె బరువుగా తోచును. నీటికి నాలుగున్నర రెట్లు దాని సాంద్రత. చమురు బావులు త్రవ్వువారు దానిని పొడిచేసి బురదలో కలిపి, లోపలి ఒత్తిడిని అణచుటకు వాడుదురు.

దీనికి ఆసుపత్రిలోను పనికలదు. కడుపును, ప్రేగులను ఎక్స్‌రే పటములో చూడవలసినప్పుడు వైద్యులు రోగిచేత తెల్లని చిక్కని ద్రవము త్రాగించుదురు. అది శుద్ధిచేసిన బేరియము సల్ఫేటును నీటిలో కలిపినది. ఎక్స్‌రే కిరణములను అది అడ్డగించుటచే ప్రేగుల ఆకారము పటములో తెల్లగా పడును. బేరియము విషమను మాట మరువరాదు. కరగిన బేరియము రక్తములో చేరినచో కండరములు చచ్చుబడును, గుండె లయ తప్పును. అయినను ఈ ద్రవమును నిర్భయముగా త్రాగుచున్నారు. కారణమేమి? బేరియము సల్ఫేటు నీటిలోగాని, కడుపులోని ఆమ్లములోగాని దాదాపు కరగదు. లీటరు నీటిలో మూడు మిల్లీగ్రాములైనను కరగదు. వచ్చినది వచ్చినట్లే వెలుపలకు పోవును.

బేరియము కార్బనేటు సంగతి వేరు. అదియు తెల్లని పొడియే. అదియు నీటిలో కరుగుట అత్యల్పము. ప్రక్కప్రక్కన పెట్టినచో కంటితో భేదము కనుగొనలేము. కాని మన కడుపులో నున్నది వట్టి నీరు కాదు, హైడ్రోక్లోరిక్ ఆమ్లము. ఆమ్లము కార్బనేటును తాకినచో లవణము పుట్టునని ఇంతవరకు చెప్పుకొంటిమి. ప్రయోగశాలలోని బీకరులో జరుగునది కడుపులోనే జరుగును. బొగ్గుపులుసు వాయువు వెలువడి, నీటిలో చక్కగా కరగు బేరియము క్లోరైడు తయారగును. ఎలుకల మందుగా బేరియము కార్బనేటును పూర్వము వాడినది ఈ గుణముచేతనే.

2003లో బ్రెజిల్ దేశమున ఇట్టి ఘోరమే జరిగినది. ఎక్స్‌రే పరీక్షకై ఒక మందుల సంస్థవారి ద్రవమును త్రాగిన రోగులలో పలువురు మరణించిరి. ఆ ద్రవములో బేరియము కార్బనేటు కలిసియుండెను. కార్బనేటును సల్ఫేటుగా మార్చి ఖర్చు తగ్గించుకొనుటకు ఆ సంస్థలో ప్రయత్నము జరిగినట్లు విచారణలో బయటపడెను. పాలరాతి ముక్కను తలంచుకొన్నచో ఆ ప్రయత్నములోని అపాయము బోధపడును. కార్బనేటు రేణువుపై గంధకికామ్లమును పోసినచో పైన సల్ఫేటు పొర కట్టును. ఆ పొర జిప్సముకంటెను గట్టి అడ్డము. ఏలయన అది బొత్తిగా కరగనిది. లోపల కార్బనేటు నిలిచిపోవచ్చును. ఇచ్చట మిగులరానిది మిగిలినది. అదియు వడపోతకు చిక్కనిది. ఏలయన కావలసినదియు కరగని తెల్లని పొడియే, అక్కరలేనిదియు కరగని తెల్లని పొడియే.

కాబట్టి కరగని లవణమును తయారుచేయవలసినచో రెండు ద్రావణములను కలుపుటయే క్షేమమైన మార్గము. ముగ్గురాతి పొడిని బొగ్గుతో కలిపి గట్టిగా కాల్చినచో నీటిలో కరగు బేరియము సల్ఫైడగును. దానిని నీటిలో కరగించి, వడగట్టి, మడ్డి తొలగించి, సోడియము సల్ఫేటు ద్రావణమును హెచ్చుగా చేర్చుదురు. రెండును తేరిన ద్రావణములే గనుక పొరచాటున దాగుటకు తావులేదు. బేరియమంతయు తెల్లని అవక్షేపముగా దిగును. హెచ్చుగా చేర్చిన సోడియము సల్ఫేటు నీటిలో కరిగియుండును. అవక్షేపమును పలుమారులు కడిగినచో పోవును. రాగి విషయమున కరగని దానిని హెచ్చుగా వేసి వడగట్టితిమి. ఇక్కడ కరిగెడు దానిని హెచ్చుగా వేసి కడిగివేయుచున్నాము. పని తలక్రిందులైనట్లు తోచును గాని సూత్ర మొక్కటే: తొలగింపగల దానినే హెచ్చుగా వేయవలయును.

అంతటితో తయారుచేసినవాని బాధ్యత తీరలేదు. ఔషధముగా వాడు బేరియము సల్ఫేటును పరీక్షించుటకు ఒక చక్కని ఉపాయము కలదు. పొడిని పలుచని ఆమ్లముతో కాచి, వడగట్టి, క్రిందికి దిగిన తేటనీటిలో కొంచెము గంధకికామ్లము చేర్చి ఉంచుదురు. తేట తేటగానే యున్నచో పొడి మంచిది. మబ్బుపట్టినట్లు తెల్లబడినచో ఆమ్లములో కరగు బేరియము అందున్నదన్నమాట. అట్టిది రోగి దరికి పోరాదు. కడుపు చేయబోవు పరీక్షను ముందుగా గాజుగొట్టమునందే చేయుట ఇందలి వివేకము.

ముగించుటకు ముందు గృహస్థులకు రెండు మనవులు. ఈ ప్రయోగములు బడిలో ఉపాధ్యాయుల యెదుట చేయదగినవి. వంటింటిలో చేయదగినవి కావు. గంధకికామ్లమును పలుచన చేయునప్పుడు నీటిలోనికి ఆమ్లమును సన్నని ధారగా పోసి కలుపవలయునే గాని, ఆమ్లములోనికి నీటిని పోయరాదు. పోసినచో అది మరిగి ముఖముపైకి చిమ్మును. స్నానపుగదులు కడుగుటకు తెచ్చిన ఆమ్లమును, తోటకు తెచ్చిన తుత్తమును త్రాగునీటి సీసాలలో, పచ్చడి జాడీలలో ఎన్నడును నిలువయుంచరాదు.

రెండవది, మీ అబ్బాయియో అమ్మాయియో బడిలో తయారుచేసిన నీలి స్ఫటికములను కాగితములో చుట్టి తెచ్చి చూపినప్పుడు, బాగున్నవని మెచ్చుకొని, ఒక్క ప్రశ్న అడుగుడు: “ఇందులో ఏది హెచ్చుగా వేసితివి? అది ఎట్లు పోయినది?” స్ఫటికముల అందమును చూచి మార్కులు వేయుట సులభము. ఈ ప్రశ్నకు తడుముకొనక సమాధానము చెప్పిన బిడ్డకు రసాయనశాస్త్రము వంటబట్టినదని మీరు నమ్మవచ్చును.